పెంచమనే వాళ్ళ మధ్య తగ్గించే పని

నా వృత్తిలో రోజూ వినే మాట ఒకటే: "కాస్త పెంచండి." గాయకులు తమ గొంతు పెంచమంటారు. వయొలిన్ విద్వాంసులు వయొలిన్ పెంచమంటారు. మృదంగం ఆయన వాయిస్తూనే గడ్డం ఎత్తి సైగ చేస్తారు. నిర్వాహకులు వెనకనుంచి వచ్చి భుజం తట్టి మొత్తం పెంచమంటారు. ఆఖరి వరసలో కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి మరీ చెయ్యి ఊపుతారు. "నాది కాస్త తగ్గించండి" అని అడిగేవాళ్ళు మాత్రం చాలా అరుదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది చూస్తే, అందులో ఎక్కువ భాగం తగ్గించడమే. ఏది, ఎప్పుడు, ఎంత తగ్గించాలో తెలియడమే సౌండ్ ఇంజనీరుకి ఉండాల్సిన విద్య అని నా నమ్మకం. మిక్సర్ దగ్గర మొదలైన ఆ నమ్మకం మెల్లగా నా మిగతా బతుకులోకి కూడా వచ్చి చేరింది.

మా విజయవాడలో సౌండ్ పని అంటే అన్ని రకాలూ చెయ్యాలి. శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, రాజకీయ సభలు. జనం దృష్టిలో మేమందరం మైకుసెట్టు వాళ్ళమే. నేనూ ఒక మైకుసెట్టు కొట్టులో కేబుళ్ళు చుట్టడంతోనే మొదలుపెట్టాను. అన్ని రకాల పనులూ చేసినా నా మనసు నిలిచేది కర్ణాటక సంగీత కచేరీ దగ్గరే. వేదిక మీద నలుగురైదుగురే ఉంటారు. ఒక గొంతు, ఒక వయొలిన్, మృదంగం, ఘటం, వెనక తంబురా. ఆర్కెస్ట్రాలో కీబోర్డుల కింద, డ్రమ్ముల కింద ఎన్ని లోపాలైనా కప్పబడిపోతాయి. కచేరీలో అలా కుదరదు. గమకం చివర గొంతు ఎంత సన్నగా తేలిపోయిందో కూడా వినపడాలి. పైగా ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకి పాడే కృతి ప్రతి అక్షరమూ వచ్చు.

కచేరీ సాయంత్రం ఆరింటికైతే మేం మధ్యాహ్నం భోజనాల వేళకే హాల్లో ఉంటాం. తుమ్మలపల్లి కళాక్షేత్రమైనా, హైదరాబాద్ రవీంద్రభారతి అయినా ఖాళీ హాల్లో మొదట చేసేది తీగలు పరచడమే. మైకు నుంచి మిక్సర్ దాకా పోయే కేబుల్‌లో ఒక విశేషం ఉంది. పైకి ఒకటే కేబుల్, లోపల రెండు తీగలు, వాటి చుట్టూ అల్లిన రాగి కవచం. ఒకే శబ్దం ఆ రెండు తీగల్లోనూ పోతుంది, కాకపోతే ఒకదానిలో తిరగబడి పోతుంది. దారిలో కరెంటు తీగల నుంచీ, లైట్ల డిమ్మర్ల నుంచీ అంటుకునే గుర్రుమనే రొద మాత్రం రెండు తీగల్లోనూ ఒకే రకంగా చేరుతుంది. మిక్సర్ దగ్గర ఒకదాని నుంచి ఇంకొకదాన్ని తీసేస్తారు. రెంటిలోనూ సమానంగా ఉన్న రొద కొట్టుకుపోతుంది, తిరగబడి వచ్చిన పాట రెట్టింపవుతుంది. రొద వినపడకుండా పాటను ఇంకా గట్టిగా పంపుదాం అని ఎవరో అనుకుని ఉంటే ఈ కేబుల్ పుట్టేది కాదు. దేన్ని తీసెయ్యాలో ముందు ఆలోచించినవాళ్ళు దీన్ని తయారుచేశారు. కేబుల్ చుట్టే వయసులో ఈ సంగతి నాకు తెలీదు. తెలిశాక, ఆ పని మీద నాలో గౌరవం పెరిగింది.

తీగలయ్యాక కూత సంగతి చూస్తాం. మైకు ఉన్నట్టుండి కీచుమని అరవడం అందరూ వినే ఉంటారు. మైకు పట్టుకున్న శబ్దం స్పీకర్లోంచి వస్తుంది, స్పీకర్లోంచి వచ్చిన శబ్దం తిరిగి అదే మైకులో పడుతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ స్పీకర్లోకి పోతుంది. వెళ్ళినదానికంటే తిరిగొచ్చింది ఎక్కువైతే ఏదో ఒక స్వరం క్షణంలో పేరుకుని కూతగా మారుతుంది. ఏ స్వరం దగ్గర కూత పుడుతుందనేది ఆ హాలు, ఆ మైకు, ఆ స్పీకరు పెట్టిన చోటు కలిసి నిర్ణయిస్తాయి. అందుకే ఖాళీ హాల్లో మేమే కావాలని కాస్త కాస్తగా శబ్దం పెంచి, ఎక్కడ మొదట కూత వేస్తుందో విని, సరిగ్గా ఆ ఒక్క చోట ఈక్వలైజర్లో కోత పెడతాం. మూడు నాలుగు చోట్ల సన్నటి కోత పడితే చాలు, మిగతా అంతా హాయిగా నిలబడుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచగలిగిన హద్దు 3 డెసిబెళ్ళు పడిపోతుంది. వాడని మైకుని ఆపితే వాడుతున్న మైకు ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంత చేసినా సాయంత్రానికి హాలు మారిపోతుంది. మనుషులూ వాళ్ళ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి, ముఖ్యంగా పై స్థాయి శబ్దాలని. మధ్యాహ్నం ఖాళీ కుర్చీల మధ్య గణగణలాడిన గొంతు, నిండిన హాల్లో మెత్తబడి, పొడిగా వినిపిస్తుంది. అందుకే కచేరీ మొదట్లో వర్ణం పాడుతున్నంతసేపూ నేను కొత్తగా వినడం మొదలుపెడతాను. మధ్యాహ్నం పెట్టిన కొలతల్ని పట్టుకుని కూర్చోకూడదు. ఇప్పుడు ఈ హాల్లో, ఈ జనంతో ఎలా ఉందో అదే నిజం. వర్ణం అయ్యేలోపు కుదిరిపోతే ఆ తర్వాత మూడు గంటలూ నేను ఉన్నానన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

వేదిక మీద ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకరోజు కచేరీలో పాడేది ఒక పెద్ద విదుషీమణి. సౌండ్ చెక్ మొదలైంది. ఆవిడ ఆలాపన రెండు నిమిషాలు సాగాక వయొలిన్ కుర్రాడు తన మానిటర్లో, అంటే వేదిక మీద తనకి వినిపించే చిన్న స్పీకర్లో, వయొలిన్ పెంచమన్నాడు. పెంచాను. అది గట్టిగా ఉందని మృదంగం ఆయన తనది పెంచమన్నారు. ఘటం ఆయన ఊరుకోలేదు. పది నిమిషాలయ్యేసరికి వేదిక మీద మానిటర్లే హాలంత గట్టిగా మోగుతున్నాయి. ఆవిడ పాట ఆపి నావైపు చూశారు.

"నాయనా, నా గొంతు నాకే వినపడటం లేదు. కాస్త పెంచవూ."

పెంచే చోటు లేదు. ఇంకొక్క పిసరు పెంచితే కూత. నేను వేదిక దగ్గరికి వెళ్ళి నిలబడి విన్నాను. మృదంగం ఎడమవైపు గంభీరంగా మోగే అడుగు శబ్దం ఆవిడ మానిటర్లో నిండిపోయి ఉంది. అడుగు స్థాయి శబ్దాలు గట్టిగా ఉంటే తమకంటే పైన ఉన్నవాటిని కప్పేస్తాయి, ఇది చెవి స్వభావం. పాటలో అక్షరాల స్పష్టత, హల్లుల పదును ఉండేది పైనే, సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్య. అంటే ఆవిడ గొంతు అక్కడే ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది, అంతే. వెనక్కి వచ్చి ఆవిడ మానిటర్లో మృదంగం అడుగు తీశాను. వయొలిన్, ఘటం తలా కాస్త దించాను. ఆవిడ గొంతు పెంచే ఫేడర్ ముట్టుకోలేదు.

"ఆఁ, ఇప్పుడు బావుంది. ఎంత పెంచావేంటి?"

"ఏమీ పెంచలేదమ్మా. చుట్టుపక్కల తగ్గించాను."

ఆవిడ నవ్వి, మృదంగం ఆయనవైపు తిరిగి చూశారు. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నట్టు అనిపించి, "గురువుగారూ, మీ నాదం హాల్లో నిండుగా అలాగే ఉంది, అమ్మగారి మానిటర్లో మాత్రమే దించాను, ఒకసారి కిందికి వచ్చి వినండి" అన్నాను. ఆయన నిజంగానే దిగి వచ్చి, శిష్యుణ్ణి కూర్చోబెట్టి వాయింపించి, హాలు మధ్యలో నిలబడి విన్నారు. తిరిగి వేదిక ఎక్కి తన మానిటర్ కూడా దించమన్నారు. ఆ సాయంత్రం లయవాద్యాలు మాత్రమే వాయించే తనియావర్తనంలో, మృదంగం కుడివైపు నల్లటి కరణి మీద వేలి కొసతో పలికించిన చిన్న చిన్న పలుకులు కూడా చివరి వరస దాకా వెళ్ళాయి.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. ఆ వేదిక మీద ఎవరూ అత్యాశపరులు కారు. ఒక్కొక్కరూ అడిగింది న్యాయమే. తన వాద్యం తనకి వినపడకపోతే ఎవరైనా ఎలా వాయిస్తారు? న్యాయమైన కోరికలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఎవరికీ ఏమీ వినపడని స్థితి వచ్చింది. చుట్టూ రొద పెరిగినప్పుడు మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎటియెన్ లోంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు గమనించాడు. శాస్త్రంలో అది ఆయన పేరు మీదే ఉంది. గొంతు పెంచాలని ఎవరూ నిర్ణయించుకోరు, అది జరిగిపోతుంది. ఉమ్మడి కుటుంబంలో, ఆఫీసు మీటింగులో, టీవీ చర్చలో నేను చూసేదీ ఇదే. పక్కవాడి మీద కోపంతో అరిచేవాళ్ళు కొద్దిమందే. ఎక్కువమంది తమ మాట తమకే వినపడక అరుస్తున్నారు. వాళ్ళని గొంతు తగ్గించమని గదమాయిస్తే తగ్గదు. వాళ్ళ మాట మీద పడుతున్న బరువు ఏదో కనిపెట్టి దాన్ని తీసెయ్యాలి. ఇది చేసేవాడు వేదిక మీద కూర్చున్నవాళ్ళలో ఒకడై ఉండకూడదు. తనకంటూ పెంచుకోవలసిన గొంతు లేనివాడికే ఆ పని కుదురుతుంది.

మైకు అంటే గట్టిగా వినిపించే యంత్రం అనే అభిప్రాయం మనలో బాగా నాటుకుపోయింది. అది పుట్టినప్పుడు అవసరం అదే. కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు 1915లో లౌడ్‌స్పీకర్‌తో జనం ముందుకు వచ్చారు. 1919లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్ డియేగోలో సుమారు 50,000 మందికి వాళ్ళ పరికరంతోనే ఉపన్యసించాడు. అంతవరకూ అంతమందికి ఒక మనిషి మాట ఒకేసారి చేరే దారి లేదు. మన దగ్గర చూస్తే, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) కాలంలో ఎక్కువ భాగం మైకు లేని కాలమే. పద్యనాటకాల తొలి తరాలదీ అదే పరిస్థితి. పెట్రొమాక్సు దీపాల వెలుగులో, బయలులో కూర్చున్న జనంలో చివరివాడిదాకా పద్యం చేరాలంటే గొంతు పై స్థాయిలో, పూర్తి బలంతో సాగాలి. ఆ గొంతులకి నమస్కారం. అయితే అటువంటి బలం లేని గొంతుల సంగతేమిటి? మనసులో ఎంత సంగీతం ఉన్నా ఊపిరి చాలక వేదిక ఎక్కలేనివాళ్ళు ఎందరు ఉండి ఉంటారో ఊహించుకోవలసిందే.

మైకు వచ్చాక వాళ్ళకి తలుపు తెరుచుకుంది. ఇప్పుడు గొంతు దించి, చెవిలో చెప్పినంత నెమ్మదిగా పాడినా వెయ్యిమందికి చేరుతుంది. మైకు సంగీతానికి చేసిన అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం. బలమైనదాన్ని ఇంకా బలంగా చెయ్యడం దానికి రెండో పని. బలహీనమైనదానికి, సున్నితమైనదానికి సభలో చోటివ్వడం మొదటి పని. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) కథ దీనికి సాక్ష్యం. మామూలు మాండలిన్ మీద మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకాలకి నిలవదు. ఆయన ఐదు తంతుల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, తంతి మీద వేలు జారుతున్నంతసేపూ స్వరం బతికి ఉండేలా చేసుకుని, పసివయసులోనే దాని మీద కర్ణాటక సంగీతాన్ని పూర్తిగా పలికించారు. అక్కడ విద్యుత్తు వల్ల వచ్చిన లాభం గట్టిదనం ఒక్కటే కాదు, నిలకడ కూడా. తగ్గిపోతున్న స్వరాన్ని చివరిదాకా వినే అవకాశం శ్రోతకి దొరికింది.

గట్టిదనం వెంట పడితే ఏమవుతుందో కూడా చరిత్రలోనే ఉంది. 1965 ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో బీటిల్స్ బృందం సుమారు 55,000 మంది ముందు పాడింది. అభిమానుల కేకల్లో పాట మునిగిపోయింది. తమ వాయింపు తమకే వినపడలేదని ఆ బృందం వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆగస్టుతో వాళ్ళు కచేరీ యాత్రలు మానేశారు. అలసిపోవడానికి వాళ్ళకి చాలా కారణాలుండవచ్చు కానీ, తన పాట తనకి వినపడని చోట కళాకారుడు ఎన్నాళ్ళని నిలబడతాడు?

1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే ఒక అమెరికన్ బృందం ఈ చిక్కుకి ఒక సాహసోపేతమైన జవాబు కట్టింది. వందల స్పీకర్లతో గోడలాంటి వ్యవస్థ. దాన్ని జనానికీ వేదికకీ మధ్యలో పెట్టకుండా, వాయించేవాళ్ళ వీపు వెనకే నిలబెట్టారు. జనం ఏది వింటున్నారో వాయించేవాళ్ళూ అదే వింటారు. మరి అంత గోడ ముందు మైకు కూత వెయ్యదా? దానికీ తీసివేతే జవాబు. ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు, ఒకదానికొకటి తిరగేసి కలిపారు. గాయకుడు ఒకదానిలోనే పాడతాడు. వెనక గోడ నుంచి వచ్చే శబ్దం రెండిటిలోనూ సమానంగా పడి కొట్టుకుపోతుంది, గొంతు మాత్రం మిగులుతుంది. అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్ద కచేరీ సౌండ్ వ్యవస్థల్లో ఒకటైనది కూడా, నేను చిన్నప్పుడు చుట్టిన కేబుల్ పాఠం మీదే నిలబడింది. మొయ్యాల్సిన బరువు, ఖర్చు భరించలేక ఆ ఏడాదితోనే దాన్ని ఆపేశారు. కానీ దాని వెనకున్న ఆశ నాకు చాలా ఇష్టం: పాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఒకే శబ్దంలో ఉండాలి.

ఇవాళ మా వేదికల మీద అలా లేదు. గాయని ఎదురుగా చిన్న మానిటర్ ఉంటుంది, జనానికి వేరే స్పీకర్లు. ఆవిడ వినేది ఒకటి, సభ వినేది ఇంకొకటి. హాల్లో తన గొంతు ఎలా ఉందో కచేరీ జరుగుతున్నంతసేపూ ఆవిడకి తెలిసే అవకాశం లేదు. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున లేచి సాధన చేసి సంపాదించుకున్న గొంతుని, పేరు కూడా తెలియని ఒక మనిషి చేతిలో పెట్టి కళ్ళు మూసుకుని పాడతారు. సభలోవాళ్ళూ అంతే. తాము వింటున్నది ఆవిడ గొంతేనని నమ్ముతారు. రెండు వైపులా నమ్మకం, మధ్యలో నేను. ఎకో ఎక్కువ పోసి గొంతుకి లేని తీపి పుట్టించవచ్చు. ఒక వాద్యాన్ని కావాలని అణచవచ్చు. ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోలేరు గనకే చెయ్యకూడదు. ఎవరూ చూడని చోట చేసే పనిలో ధర్మం తప్ప వేరే కాపలా ఉండదని ఈ కుర్చీలో కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది.

ఈ మధ్యవర్తి పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఒకటుంది. పెద్ద పందిళ్ళలో ముందు స్పీకర్ల శబ్దం వెనకదాకా స్పష్టంగా చేరదు కాబట్టి మధ్యలో ఇంకో జత పెడతాం. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. వేదిక స్పీకర్ల నుంచి 35 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి అది సెకనులో పదోవంతు ఆలస్యంగా అందుతుంది. మధ్యలో పెట్టిన స్పీకరుకి తీగలో వచ్చే శబ్దానికి ఆ ఆలస్యం లేదు. ఊరికే వదిలేస్తే వెనకవాళ్ళకి ప్రతి మాటా రెండుసార్లు వినిపించి, ఏదీ అర్థం కాదు. అందుకని మధ్య స్పీకరుని కావాలనే ఆలస్యం చేస్తాం, వేదిక శబ్దం అక్కడికి చేరేదాకా ఆపుతాం. అంతటితో వదలం. ఇంకో పది పదిహేను మిల్లీసెకన్లు అదనంగా ఆపుతాం.

ఆ అదనపు ఆలస్యం వెనక హెల్మట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1949లో గటింగెన్ విశ్వవిద్యాలయంలో తేల్చిన సంగతి ఉంది. ఒకే శబ్దం రెండు దిక్కుల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో చేరితే, ముందు చేరిన దిక్కునుంచే మొత్తం వస్తోందని చెవి అనుకుంటుంది. వెనకొచ్చింది 10 డెసిబెళ్ళదాకా గట్టిగా ఉన్నా సరే. అంటే పందిరి మధ్యలో కూర్చున్న శ్రోతకి పాటను నిజంగా అందిస్తున్నది తన పక్కనే ఉన్న స్పీకరు, కానీ ఆయన చెవి వేదిక మీదున్న గాయని వైపే తిరిగి ఉంటుంది. ఆ స్పీకరు ఆగిపోతే తప్ప అది అక్కడ ఉందని ఆయనకి తెలియదు. తెర వెనక మనుషులు గుర్తింపు లేదని బాధపడటం సహజమే. నాకూ ఒక వయసులో ఆ బాధ ఉండేది. ఈ పద్ధతి నా చేతులతో అమర్చడం మొదలుపెట్టాక పోయింది. వినేవాడి మనసు పాడేవాళ్ళ దగ్గరే ఉండాలి. దానికోసం నేను పది మిల్లీసెకన్లు వెనక్కి తగ్గాలి. ఆ వెనక్కి తగ్గడం నా పనితనంలో భాగం, నాకు జరిగిన అన్యాయం కాదు.

తగ్గించడానికి ఇంకో ముఖం కూడా ఉంది, అది అంత సౌమ్యమైనది కాదు. రాత్రి ఊరేగింపుల్లో, వీధి వేడుకల్లో కొందరు నిర్వాహకులకి శబ్దం అంటే బలప్రదర్శన. పక్క వీధి వాళ్ళకంటే మన బాక్సులు గట్టిగా మోగాలి. అటువంటి చోట "ఇక పెంచను" అని చెప్పవలసి వస్తుంది. బేరం పోతుంది, ఒక్కోసారి డబ్బు ఎగ్గొడతారు కూడా. అయినా చెప్పాలి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వగలిగేది ఏడాదికి 15 రోజులకి మించకుండానే. నివాస ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. వినోద వేదికల్లో సగటు 100 డెసిబెళ్ళు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చెవి లోపలి సన్నని కణాలు ఒకసారి పోతే మళ్ళీ రావు. వేడుకకి వచ్చిన పసిపిల్లలకి, ఆ వీధిలో మంచం పట్టిన ముసలివాళ్ళకి మా మిక్సర్ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపే శక్తి లేదు. వాళ్ళ తరఫున కూడా వినవలసినవాణ్ణి నేనే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించేలా చెయ్యాలంటే ఆంప్లిఫయర్లో పదింతల శక్తి పొయ్యాలి. ఆ పదింతల్లో సంగీతానికి దక్కేది ఏమీ లేదు.

నాకు ఒక జాగ్రత్త కూడా ఈ పనే నేర్పింది. గంటల తరబడి శబ్దంలో కూర్చుంటే చెవి మొద్దుబారుతుంది. అలసిన చెవి ఇందాకటిది చాలదంటుంది, ఫేడర్ తెలియకుండానే పైకి జరుగుతుంది. అందుకే విరామంలో బయటికి వెళ్ళి చెట్టు కిందో, గేటు దగ్గరో నిలబడతాను. తిరిగి వచ్చి నేరుగా నా కుర్చీలో కూర్చోను. బాల్కనీ కింద, పక్క మూలల్లో, చివరి వరసలో నడిచి వింటాను. నా కుర్చీలో బాగున్నంత మాత్రాన హాలంతా బాగున్నట్టు కాదు. ఏ పదవిలో కూర్చున్నవాళ్ళైనా అప్పుడప్పుడు లేచి చివరి వరసదాకా నడవడం మంచిదని నాకనిపిస్తుంది.

ఈ పనిలో నేను ఒక్కణ్ణే లేను. బాక్సులు మోసే కుర్రాళ్ళున్నారు, జనరేటర్ దగ్గర పొగలో కూర్చునే మనిషి ఉన్నాడు, అందరూ ఇళ్ళకెళ్ళాక అర్ధరాత్రి కేబుళ్ళు తుడిచి చుట్టేవాళ్ళున్నారు. వాళ్ళ చెవులు కూడా చెవులే, వాళ్ళకీ నిద్ర కావాలి. నిర్వాహకులకి నా విన్నపం: ఉపన్యాసాలకి ఇచ్చే సమయంలో ఒక గంట సౌండ్ చెక్‌కి ఇవ్వండి. ఆహ్వానపత్రంలో పేరు వెయ్యకపోయినా ఫరవాలేదు, మాట్లాడుకున్న డబ్బు ఆ రాత్రే ఇవ్వండి, ఆ కుర్రాళ్ళకి మీతోపాటు భోజనం పెట్టండి. కళాకారులకి నా విన్నపం: మీది పెంచమనేముందు, పక్కవారిది ఎంత ఉందో ఒక్కసారి వినండి.

ఇక శ్రోతలకి ఒక్క మాట. ఈసారి కచేరీలో పాట సరిగా అందకపోతే తప్పకుండా మా దగ్గరికి వచ్చి చెప్పండి, మొహమాటపడకండి. కానీ "పెంచండి" అనకండి. "మాట స్పష్టంగా లేదు" అనండి, లేదా "మృదంగం పాటను కప్పేస్తోంది" అనండి. మీకు ఏం వినపడటం లేదో చెప్తే చాలు, దాని కోసం ఏం తగ్గించాలో చూసుకునే బాధ్యత మాది.